తాడిపత్రి, బెలుం, గండికోట: ఏది ముందు, ఏది తర్వాత?

ప్రశ్న: మాది అనంతపురం. సంక్రాంతి సెలవులకు మా ఆడపడుచు వాళ్ళు విశాఖపట్నం నుంచి వస్తున్నారు. మొత్తం ఏడుగురం. మా అత్తమ్మకు డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, బీపీ ఉన్నాయి. పిల్లలిద్దరు: పాపకు ఎనిమిదేళ్ళు, బాబుకు పన్నెండేళ్ళు. కారు మాట్లాడుకుని తాడిపత్రి గుళ్ళు, బెలుం గుహలు, యాగంటి, గండికోట ఒక్కరోజులో చూసి రాత్రికి ఇల్లు చేరాలని మావారి ప్లాను. తాడిపత్రిలో దర్శనానికి అరగంట చాలంటున్నారు. కుదురుతుందా? అత్తమ్మ గుహలోకి దిగొచ్చా? బొర్రా గుహలు చూసినవాళ్ళకు బెలుం ఆనుతుందా?

సమాధానం: ముందు యాగంటిని కొట్టేయండి. బెలుం నుంచి చూస్తే యాగంటి ఉత్తరాన బనగానపల్లె వైపు ఉంది, గండికోట దక్షిణాన జమ్మలమడుగు వైపు ఉంది. రెండిటికీ తిరగబోతే చూసేది తక్కువ, కార్లో కూర్చునేది ఎక్కువ. ఇంకోసారి నంద్యాలలో బస పెట్టుకుని యాగంటి, మహానంది కలిపి చూసుకోండి.

మిగిలిన మూడూ కూడా ఒక్కరోజులో పట్టవు. దూరం లెక్క చిన్నదే: అనంతపురం నుంచి తాడిపత్రి దాదాపు 60 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి బెలుం 30, బెలుం నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోట మరో 60 చిల్లర. మ్యాపులో చూసి ‘ఇంతేనా’ అనుకునేది అందుకే. అయితే గుళ్ళు మధ్యాహ్నం మూసేస్తారు, గుహల దగ్గర టికెట్లు పొద్దున పదికి గానీ ఇవ్వరు, గండికోట లోయ అంచున చీకటి పడ్డాక నిలబడే పని పెట్టుకోకూడదు. ఈ మూడిటికీ సరిపోయే వరస ఒక్కటే ఉంది. పొద్దున తాడిపత్రి, మధ్యాహ్నం బెలుం, సాయంత్రానికి గండికోట, రాత్రి అక్కడే పడక, మర్నాడు పొద్దున లోయ చూసి తిరుగుముఖం. తిరగేసి మొదలుపెడితే గుడి తలుపుల దగ్గరో గుహ గేటు దగ్గరో రెండు గంటలు కూర్చోవలసి వస్తుంది.

ఇక తాడిపత్రికి అరగంట అన్న మాట. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ఎక్కువసేపు కేటాయించాల్సింది అక్కడే. దారిలో ఉంది కదా, దణ్ణం పెట్టుకుని పోదాం అనుకునేవాళ్ళే ఎక్కువ. లోపలికి పోయి, తీర్థం తీసుకుని, పోయిన వాకిలినే బయటికొచ్చి కారెక్కేస్తారు. ఆ ఊళ్ళో ఉన్న గొప్పతనం గర్భగుళ్ళో కన్నా గోడల మీద ఎక్కువ ఉంది. రెండు గుళ్ళకూ కలిపి నాలుగు గంటలు పెట్టుకోండి.

పొద్దున ఐదున్నరకు అనంతపురంలో బయల్దేరితే ఏడుకల్లా బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి దగ్గర ఉంటారు. పెన్న ఒడ్డున ఉంది. విజయనగర కాలంలో, 1490, 1509 మధ్య, పెమ్మసాని రామలింగ నాయుడు కట్టించాడని చెబుతారు. లింగం దగ్గర నీటి ఊట ఉంటుంది. పూజారిని అడిగితే చూపిస్తారు. దర్శనం ముందు కానిచ్చేయండి, తర్వాత తీరిగ్గా బయటికి రండి.

బయటికొచ్చి చూడాల్సింది గోపురాలు. అవి పూర్తికాలేదు. విజయనగరం వాళ్ళు గోపురం కింది భాగాన్ని రాతితో కట్టి, పై అంతస్తులను ఇటుకా సున్నంతో లేపేవాళ్ళు. ఇక్కడ పని రాతి భాగం దగ్గర ఆగింది. దూరం నుంచి చూసేవాళ్ళకు ఇది ‘మొండి గోపురం’, ఫోటోకు పనికిరాదు. దగ్గరికి వెళ్తే సంగతి వేరు. వేరే చోట్ల మెడ పట్టేసేలా తలెత్తి చూడాల్సిన పనితనం ఇక్కడ అడుగు దూరంలో, కంటి ఎత్తులో ఉంటుంది. పచ్చఛాయ ఉన్న గట్టి నల్లరాయి కావడంతో ఉలి దెబ్బ అంచు ఇప్పటికీ అరగలేదు. జేమ్స్ ఫెర్గూసన్ అనే వాస్తు చరిత్రకారుడు 1876లోనే ఈ రెండు గోపురాల చెక్కుడులోని పదునును ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

వాకిలికి రెండు పక్కలా ద్వారబంధం నిలువు రాళ్ళ దగ్గర ఆగండి. మకరం మీద నిలబడిన స్త్రీమూర్తి ఉంటుంది. ఆమె పక్కనుంచి తీగ చుట్లు చుట్లుగా పైకి పాకుతుంది. పిల్లల్ని అక్కడ నిలబెట్టి ‘తీగ ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో వేలు ఆనించకుండా చూపించండి’ అనండి. పది నిమిషాలు కదలరు. వేలు ఆనించకుండా అన్నది ఊరికే కాదు: చేతి చెమట, జిడ్డు పట్టి రాయి నల్లబడుతుంది. కుంకుమ చేత్తో విగ్రహాలను తాకే అలవాటు ఇంట్లో పెద్దవాళ్ళకుంటే వాళ్ళకూ మెల్లగా చెప్పండి. తడితే సరిగమలు పలికే స్తంభాలని ఎవరో ఒకరు చూపిస్తారు. తట్టకండి. ఒక్కొక్కరూ ఒక్క దెబ్బే అనుకుంటారు, రోజుకు వందమంది వస్తారు.

ఏ వేళకు చూడాలన్నది కూడా ముఖ్యమే. చెక్కుడు ఏటవాలు వెలుతురులో లేస్తుంది. నీడలు పొడుగ్గా పడి నగల పూసలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. పదిన్నర దాటాక ఎండ నడినెత్తికి వస్తుంటే అదే గోడ చదునుగా, మసకగా కనబడుతుంది. ‘ఏముంది ఇందులో’ అని తిరిగొచ్చేవాళ్ళంతా పన్నెండింటప్పుడు చూసినవాళ్ళే. సంక్రాంతి రోజుల్లో ఉత్తరం వైపు ముఖానికి నేరుగా ఎండ పడనే పడదు. ఆ వైపు ఫోన్ టార్చి పక్కనుంచి, గోడకు దాదాపు సమాంతరంగా పట్టి చూడండి. ఎదురుగా పట్టి ఫ్లాష్ కొడితే నీడలు చచ్చిపోయి బొమ్మ చదునైపోతుంది. గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఫోన్‌తో తీసుకుంటే ఇబ్బంది ఉండదు గానీ, ట్రైపాడ్ పెట్టాలంటే అనుమతి కావాలి. గర్భగుడి వైపు అసలు ఎత్తకండి.

పెన్నలోకి దిగే ఆలోచన వద్దు. పైకి ఇసుక ఆరినట్టు కనిపించినా గుంటలుంటాయి.

తొమ్మిదికి టిఫిను. తాడిపత్రి వచ్చి ఇడ్లీ తినడమేమిటి, ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జీ చెప్పండి. మీ ఇంట్లో మామూలే అయినా విశాఖ వాళ్ళకు కొత్త. బజ్జీలో మిరపకాయ కారం సంగతి పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

తొమ్మిదిన్నరకు చింతల వెంకటరమణస్వామి గుడి. ఊళ్ళోనే, బుగ్గ గుడికి దాదాపు కిలోమీటరు దూరంలో. చింతచెట్టు తొర్రలో స్వామి దొరికాడని ఆ పేరు. రామలింగ నాయుడి కొడుకు తిమ్మానాయుడు కట్టించాడంటారు. తండ్రి గుడికీ కొడుకు గుడికీ తేడా మీకే తెలుస్తుంది: అక్కడ అలంకారం ఎక్కువ, ఇక్కడ కథ ఎక్కువ. గోడల మీద రామాయణం, కృష్ణలీలలు వరసగా చిన్న చిన్న పలకల్లా చెక్కారు. మీ అత్తమ్మకు ఇది నచ్చుతుంది. కథ ఆమెకు తెలుసు, పిల్లలకు తెలియదు. ఆమె చెబుతుంటే వాళ్ళు వెతుక్కోవాలి, ఇంక గైడెందుకు? పది తలలతో రావణుణ్ణో, కోతిమూకనో ముందు పట్టుకోండి. అక్కణ్ణుంచి వెనక్కీ ముందుకూ నడిస్తే మిగిలిన ఘట్టాలు దొరుకుతాయి.

ముఖమండపం ముందు గరుత్మంతుడి గుడి రాతిరథం రూపంలో ఉంది, చక్రాలతో సహా. హంపి విఠలాలయం రథానికి దగ్గరి చుట్టం. జేబులో కొత్త యాభై రూపాయల నోటుంటే వెనకవైపు హంపి రథం బొమ్మ ఉంటుంది. పిల్లల చేతికిచ్చి రెండిటికీ తేడాలు రాయమనండి. చక్రాల మీదికి ఎక్కి ఫోటో దిగుతామంటారు, ఎక్కనివ్వకండి.

జనవరి కాబట్టి కాళ్ళు కాలవు. పైగా పొద్దున్నే రాతి చల్లదనం మోకాళ్ళకు పట్టేస్తుంది. అత్తమ్మకు మందపాటి మేజోళ్ళు పెట్టండి, గుడి సిబ్బందిని ఒక మాట అడిగి వేసుకోనివ్వండి. ఎవరైనా దీన్ని చదివి ఏప్రిల్లో వెళ్తుంటే లెక్క తిరగబడుతుంది. పదికల్లా రెండు గుళ్ళూ అయిపోవాలి, లేకపోతే ప్రాకారంలో ప్రదక్షిణం గెంతుతూ చేయాలి.

పదకొండుంబావుకు తాడిపత్రి వదలండి. భోజనం అక్కడ చేయొద్దు. కడుపు నిండా తిని గుహలోకి దిగితే ఆ ఉక్కలో తల తిరుగుతుంది. అరటిపండు, మజ్జిగ చాలు. తాడిపత్రి, కొలిమిగుండ్ల చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల: బండల గనులు, పాలిషు ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. రోడ్డు మీద బండల లారీలే ఎక్కువ. వాటి వెనక అతుక్కుని పోవద్దని డ్రైవరుకు చెప్పండి.

బెలుం గుహలు కూడా ఆ సున్నపురాతిలోనే, భూగర్భ జలం తొలిచినవే. బొర్రా చూసినవాళ్ళకు ఆనుతుందా అన్నారు. రెండూ ఒక జాతివి కావు. బొర్రాలో దిగగానే పెద్ద గుమ్మటంలాంటి ఖాళీ, పైనుంచి వేలాడే, కిందనుంచి లేచే సున్నపు స్తంభాలు. తలెత్తి చూసే గుహ. బెలుం అడ్డంగా సాగే సొరంగం. నీళ్ళు పారి పారి నునుపెక్కిన గోడలు, మలుపులు, ఒకచోట ఇరుకు, మరుక్షణం విశాలం. నడిచి చూసే గుహ. బొర్రాలాంటి స్తంభాలు వెతికితే నిరాశే మిగులుతుంది. ఆ మాట విశాఖ వాళ్ళకు కార్లోనే చెప్పేయండి.

మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనకు చూపించేది దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. 1982, 1984 మధ్య డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. పర్యాటక సంస్థ దారి, దీపాలు, గాలి గొట్టాలు వేసి 2002లో జనానికి తెరిచింది.

గుహ చల్లగా ఉంటుందనుకుని స్వెట్టర్లు తెచ్చేవాళ్ళున్నారు. ఉల్టా. లోపల ఏడాది పొడుగునా 32, 33 డిగ్రీలు, పైగా తేమ. చెమట ఆరదు, అందుకే అలసట రెట్టింపు. బయట ఎండ ఎంతున్నా లోపల తేడా ఉండదు కాబట్టే మధ్యాహ్నం దీనికి పెట్టుకోమన్నాం. నూలు బట్టలు, జారని బూట్లు వేసుకోండి. మనిషికి అర లీటరు నీళ్ళు ఉండాలి. ఏసీ కార్లోంచి దిగి నేరుగా వెళ్తే ఫోన్ లెన్సు, కళ్ళద్దాలు ఆవిరి పట్టేస్తాయి. ఎంత తుడిచినా మళ్ళీ పడుతుంది. గుహకు పది నిమిషాల ముందే ఏసీ ఆపించి కిటికీలు దించండి, ఆ బాధ ఉండదు. లోపల సిగ్నల్ ఉండదు. దీపాలున్నా ఇద్దరి దగ్గరైనా టార్చి ఉండాలి. దీపం లేని పక్కదారుల్లోకి పిల్లల్ని వదలొద్దు.

అత్తమ్మ విషయం. నేల మీద బావుల్లాంటి గుంతలు కనిపిస్తాయి, అందులో ఒకదాంట్లోంచి మెట్లు దిగాలి. దిగగానే మొదటి భాగం విశాలంగా ఉంటుంది. బీపీ మందు వేసుకుని, ఆ రోజు ఒంట్లో బాగుంటే అక్కడిదాకా తీసుకెళ్ళండి. పావుగంట కూర్చుని ఒక తోడుతో పైకి వచ్చేయాలి. ఆయాసం ఉన్నవాళ్ళయితే అంతవరకూ కూడా వద్దు. పాతాళగంగకు ఆమెను తీసుకెళ్ళొద్దు. అది గుహలో అన్నిటికన్నా లోతైన చోటు, నేల నుంచి 46 మీటర్ల కింద. మెట్లు ఇరుకు, తడి. దిగడం ఎలాగో దిగినా ఎక్కడం మోకాళ్ళతో కాదు. అక్కడ చిన్న ధార కనిపించి మాయమవుతుంది. ఆ నీరు బెలుం ఊళ్ళో బావికి చేరుతుందని ఊరివాళ్ళ నమ్మకం. మిగిలినవాళ్ళు కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, పాతాళగంగ చూసి రావడానికి గంటన్నర. చివర్లో తొందరపెట్టుకోవద్దు, తడి మెట్ల మీద జారేది బయటికొచ్చేటప్పుడే.

రెండున్నరకల్లా పైకి వచ్చి, నీడలో పావుగంట కూర్చుని, చెమటారాక భోంచేయండి. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం, చెనిక్కాయల పొడి తెచ్చుకుంటే గొడవ లేదు. మూడుకు బయల్దేరాలి. జమ్మలమడుగులో డీజిలు, రాత్రికి కావలసిన మందులు, పిల్లలకు బిస్కెట్లు చూసుకోండి. తర్వాత 15 కిలోమీటర్లలో గండికోట.

నాలుగున్నరకు చేరితే ఆ సాయంత్రం కోట లోపలి కట్టడాలు మాత్రమే చూడండి. మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, పక్కనే ధాన్యాగారం, అన్నీ నడక దూరంలోనే. మాధవరాయస్వామి గుడి గోపురం పూర్తయింది, లోపల విగ్రహం లేదు, పూజ లేదు. పొద్దున చూసిన రెండు గుళ్ళూ కట్టించిన పెమ్మసాని వాళ్ళ కోట ఇదే. అందుకే తాడిపత్రి ముందు, గండికోట తర్వాత అయితే చూసింది ఒకదానికొకటి అతుకుతుంది. గోల్కొండ తరఫున మీర్ జుమ్లా దీన్ని 1650లో పట్టుకున్నాడు. రెండేళ్ళకు, 1652లో, వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇక్కడికొచ్చి అతణ్ణి కలిశాడు. అప్పుడు కోటలో ఫిరంగులు పోతపోస్తున్నది ఒక ఫ్రెంచివాడు. పన్నెండేళ్ళ అబ్బాయికి ఈ ముక్క చెప్పండి, గుళ్ళూ మసీదూ కన్నా అదే గుర్తుంటుంది.

లోయ రేపటికి. అంచున చాలాచోట్ల కంచె లేదు, అంతా బండరాళ్ళు, కింద 300 అడుగుల దాకా లోతు. సూర్యాస్తమయం చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఎర్రటి ఆకాశం చూస్తూ ఉండిపోతారు, పదిహేను నిమిషాల్లో చీకటి పడుతుంది, రాళ్ళ మీద తిరిగి రావాలి. ప్రమాదమంతా ఆ నడకలోనే. పొద్దున అయితే వెలుతురు పెరుగుతూ ఉంటుంది, జనమూ పలచగా ఉంటారు. జనవరిలో ఆరూ నలభై అయిదు ప్రాంతంలో సూర్యోదయం. ఆరున్నరకు మసీదు దగ్గర ఉండి, అడుగు ఎక్కడ వేస్తున్నారో కనిపించాకే ముందుకు పొండి. సూర్యుడు కాస్త పైకొచ్చినా పోయేదేం లేదు, ఎర్రరాయి ఇంకో గంట వెలుగుతుంది. చిన్నదాని చెయ్యి ఒకరు పట్టుకునే ఉండాలి. అంచుకు మనిషి నిలువు దూరంలో ఆగిపోండి. వెనక్కి నడుస్తూ సెల్ఫీలు వద్దే వద్దు. అత్తమ్మ మసీదు మెట్ల దగ్గర కూర్చోవచ్చు.

లోయలో నీళ్ళు ఎప్పుడూ ఒక్కలా ఉండవు. పైన గండికోట జలాశయం, కింద మైలవరం డ్యాము ఉన్నాయి. వదిలే నీటిని బట్టి ఒకసారి నిండుగా, ఒకసారి సన్నటి పాయలా ఉంటుంది. ఫోటోల్లో చూసినట్టే ఉండాలని పట్టుబట్టకండి. నీటి దగ్గరికి దిగడం గురించి ఎవరైనా ‘దారి చూపిస్తాం’ అంటే, కుటుంబంతో ఉన్నారు, వద్దనండి.

బస సంగతి ఇవాళే చూడండి. పర్యాటక సంస్థ హరిత హోటలు కుటుంబాలకు పనికొస్తుంది. సంక్రాంతికి ముందుగానే నిండిపోతుంది, గండికోట ఉత్సవాలు పడితే అసలు దొరకదు. గుడారాలు అద్దెకిచ్చేవాళ్ళున్నారు. కుర్రాళ్ళకు బాగుంటుంది, కింద పడుకుని లేవలేని అత్తమ్మకు, మరుగుదొడ్డి దూరం కాబట్టి, అది కాని పని. గది దొరక్కపోతే జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో పడుకుని, పొద్దున ఐదున్నరకు బయల్దేరి రండి. కారు మాట్లాడేటప్పుడే రాత్రి బస ఉందని, డ్రైవరు బేటా ఎంతో, కిలోమీటరు లెక్కా రోజు లెక్కా అన్నది తేల్చుకోండి. అక్కడికెళ్ళాక మొదలయ్యే గొడవలన్నీ దీని గురించే.

రెండో రోజు ముద్దనూరు, కొండాపురం, తాడిపత్రి మీదుగా వస్తే మధ్యాహ్నానికి అనంతపురం. ఆడపడుచు వాళ్ళు రైల్లో నేరుగా వెళ్ళిపోవాలనుకుంటే గండికోటకు దగ్గర్లోని స్టేషన్లలో ముద్దనూరు ఒకటి. అన్ని బండ్లూ ఆగవు, టికెట్ తీసేముందు చూసుకోండి.

మీవారు ఒక్కరోజుకే కట్టుబడితే గండికోట వదిలేసి, తాడిపత్రి, బెలుం చూసి మూడింటికి బెలుంలో తిరుగుముఖం పట్టండి. చీకటిపడే లోపు ఇంట్లో ఉంటారు.